గడప మామయ్య నోట రాని మాట

మా మామయ్యకు లోకంలో తెలియని సంగతి ఒక్కటే. తనకు తెలియని సంగతులు కూడా ఉంటాయని.

ఈ మాట మా అత్తయ్యది. ఇంటికి ఎవరొచ్చినా, టీ గ్లాసు చేతికి అందే లోపే అనేస్తుంది. మామయ్య మాత్రం అది ఇంకెవరి గురించో అన్నట్టు హాయిగా నవ్వి, వచ్చినవాళ్ళకు టీ పొడి ఎన్ని రకాలో చెప్పడం మొదలుపెడతాడు. అందులో సగం రకాలు అప్పటికప్పుడు పుట్టినవే.

ఆయనకు పెళ్ళయిందీ ఈ గుణం వల్లే. పెళ్ళికాని రోజుల్లో ఒక సాయంత్రం బస్సు దిగి ఊరికే నిలబడి ఉంటే, భుజాన సంచితో ఒకమ్మాయి వచ్చి చెవుల ఆసుపత్రికి దారి అడిగింది. ఆయన ఆ పేటకే కొత్త. చెవులకు విడిగా ఒక ఆసుపత్రి ఉంటుందన్నదే అప్పుడు వినడం. 'తెలియదు' అనే మాట కడుపులోంచి బయలుదేరి గొంతు దాకా వచ్చింది, అక్కడ కాసేపు నిలబడింది, సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయింది. "పదండి, చూపిస్తా" అన్నాడు.

ఇద్దరూ నడిచారు. చెప్పుల దుకాణాలు దాటారు, పాత పుస్తకాల సందు దాటారు, ఒక గడియార స్తంభం దాటారు. కాసేపటికి మళ్ళీ గడియార స్తంభం వచ్చింది. ఇంకాసేపటికి మళ్ళీ.

"ఈ ఊళ్ళో గడియార స్తంభాలు చాలా ఉన్నట్టున్నాయే?" అంది ఆ అమ్మాయి.

"చాలా ఉన్నాయండీ. అన్నీ ఒకేలా కట్టారు."

"టైము కూడా ఒకేలా చూపిస్తున్నాయి."

"మరి గడియారాలంటే అంతే కదండీ!"

ఆ రోజే ఉద్యోగంలో చేరాల్సిన అమ్మాయి మర్నాడు చేరింది. కొన్నాళ్ళకు మా అత్తయ్య అయింది. "ఆ సాయంత్రం ఒక్కసారి 'తెలియదు' అని ఉంటే, ఇద్దరి బతుకులూ బాగుపడేవి" అంటుంది ఇప్పటికీ. అనేటప్పుడు కళ్ళల్లో ఒక చిన్న దీపం వెలుగుతుంది. దాన్ని ఎవరైనా చూస్తున్నారేమోనని వెంటనే కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటుంది.

ఆ ఆసుపత్రిలోనే అత్తయ్య వినికిడి పరీక్షలు చేస్తుంది. అద్దం అవతల మనిషిని కూర్చోబెట్టి, చెవులకు పరికరం తగిలించి, అద్దం ఇవతల నుంచి చప్పుడు పంపుతుంది. ముందు చీమ తుమ్మినంత. వినపడలేదా, ఇంకొంచెం పెంచుతుంది. ఇంకొంచెం. వినపడగానే చెయ్యెత్తాలి. చెయ్యి లేచిన చోట గీత గీస్తుంది. నిశ్శబ్దం ఆగి వినికిడి మొదలయ్యే ఆ చోటుకి వాళ్ళ పనిలో థ్రెషోల్డ్ అని పేరు.

మామయ్య పని కూడా ఆ మాటతోనే. ఆయన ఒక పాత ఇంటి గుమ్మం దగ్గర పనిచేస్తాడు. ఒకప్పుడు ఎవరో ఓడల వ్యాపారి కట్టుకున్న ఇల్లు. తర్వాత్తర్వాత టికెట్టు కొనుక్కుని చూసే ఇల్లయింది. లోపల పెద్ద మంచాలు, అద్దాలు, పింగాణీ గిన్నెలు, పాడకుండా నోరు మూసుకున్న ఒక పియానో. కానీ జనానికి గుర్తుండేది వాకిలి. అక్కడ అడ్డంగా ఒక నల్లటి గడప. వందేళ్ళ పాదాలు నడిచి నడిచి నడుమ అరిగిపోయి, అరచేయి చాపినట్టు గుంటపడింది. సాయంత్రపు ఎండ పడమటి కిటికీలోంచి వచ్చి ఆ గుంటలో కాసిన్ని నీళ్ళలా నిలుస్తుంది. పక్కన ఇత్తడి పలక. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క మాట: థ్రెషోల్డ్. ఇంగ్లీషులో గడపకూ అదే పేరు.

ఆ గడప దగ్గర మామయ్య పెట్టిన రివాజు ఒకటుంది. గడప కథ వినందే ఎవరూ లోపలికి పోకూడదు. కాలెత్తినవాళ్ళను ఎత్తిన కాలితోనే ఆపేస్తాడు.

"ఆగండాగండి! ఏంటా తొందర? లోపల మీకోసం ఎవరూ కాచుక్కూర్చోలేదు. అందరూ పోయి చాలా కాలమైంది."

జనం నవ్వుతారు. అప్పుడు స్టూలు కింద నుంచి ఒక సంచి తీస్తాడు. అందులో గడ్డి. గాజు సామాను పెట్టెల్లో పగలకుండా పెడతారే, ఆ గడ్డి. దాన్ని గడపకు లోపలివైపు ధారాళంగా చల్లుతాడు.

"వెనకటికి చలి దేశాల్లో ఇళ్ళల్లో నేల మీద గడ్డి పరిచేవాళ్ళు. నూర్చిన గడ్డి. నూర్చడాన్ని వాళ్ళు థ్రెష్ అంటారు. మరి తలుపు తీస్తే ఏమవుతుంది? గాలికి, కాళ్ళకీ గడ్డంతా వీధిలోకి పోతుంది. ఇల్లాలు ఊరుకుంటుందా? మొగుడి మీద కేకలేసింది. వాడు అడ్డంగా ఒక చెక్క కొట్టాడు. గడ్డి ఆగింది. ఆపడం అంటే హోల్డ్. ఇప్పుడు రెండూ కలిపి అనండి, థ్రెష్..."

"హోల్డ్!" అని వాకిలి మార్మోగిపోయేది. మామయ్య కాలి బొటనవేలితో గడ్డిని ఒక్క తోపు తోసేవాడు. అది గడపకు కొట్టుకుని ఆగేది. చప్పట్లు.

"నువ్వు నవ్విస్తావు, నేను ఊడుస్తాను" అనేది ఊడ్చే ఆవిడ, చీపురు నడుముకు ఆనించుకుని. "ఆ ఇల్లాలు కేకలేసిందంటే వెయ్యదా మరి!"

ఈ కథతోనే ఆయన గడప మామయ్య అయ్యాడు. టికెట్టు కిటికీ దగ్గర "గడప మామయ్య ఉన్నాడా ఇవాళ?" అని అడిగి మరీ లోపలికొచ్చేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరి సొత్తని రోజూ తగువే.

"మీది చెక్క గడప. తన్నుకుంటే తెలుస్తుంది. నాది చప్పుడు గడప. చెవికి తప్ప తెలియదు" అనేది అత్తయ్య.

"నీ గడప ఎవరైనా చూశారా? నా గడపకి టికెట్టుంది!"

"చూడ్డానికేముందండీ. మీ చెవులు పరీక్షించాగా. చీమ తుమ్మినా వింటారు. నేను పిలిస్తే మాత్రం వినపడదు. అది ఏ గడపో నా మెషీనుకే అంతు చిక్కలేదు."

ఇలా ఉండగా ఆ ఇంటికి కొత్త అధికారి వచ్చింది. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు, తలుపు తెరిచి ఉన్నా తట్టి లోపలికొచ్చే మర్యాద. అందరిలాగే గడప దగ్గర నిలబడి మామయ్య కథంతా వింది. హోల్డ్ అని అందరితో పాటు అరిచింది కూడా. ఆ తర్వాత ఆయన్ను గదిలోకి పిలిచి కూర్చోమంది.

"బాబాయ్ గారూ, చాలా బాగా చెప్పారు. నాకు నవ్వాగలేదు."

"అందరూ అదే అంటారు మేడం."

"కానీ అది నిజం కాదు."

మామయ్య చుట్టూ చూశాడు. గదిలో ఇంకెవరితోనైనా అంటోందేమోనని.

ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. గడ్డి పరచడం గిరచడం ఎలా ఉన్నా, గడ్డిని ఆపిందని గడపకు ఆ పేరు రాలేదు. మాట చాలా పాతది, వెయ్యేళ్ళకు పైబడిన రాతల్లో కూడా ఉంది. అప్పుడు దాని తోక ఇప్పటిలా 'హోల్డ్' అని ఉండేది కాదు. మొదటి సగానికి తొక్కడం అనే అర్థముందని పండితులు అంటారు. ధాన్యాన్ని నూర్చడమూ మొదట్లో కాళ్ళతో తొక్కడమే కదా, అందుకు. మరి రెండో సగం?

"రెండో సగం?" మామయ్య కుర్చీ అంచుకు జరిగాడు.

"తెలియదు."

"మీకు తెలియదా? పోన్లెండి, నేను కనుక్కుని చెబుతా."

"నాకే కాదు బాబాయ్ గారూ. ఎవరికీ తెలియదు. మీరూ ఇకనుంచి అదే చెప్పండి. గడ్డి కథ వద్దు. ఇక్కడికొచ్చేవాళ్ళకి మనం చెప్పింది నిజమై ఉండాలి."

"అంటే... జనం ముందు నిలబడి... నేను... ఆ మాట..."

"తెలియదు అనాలి. అంతే. అనలేనంటే ఇబ్బంది పెట్టను. గొడుగుల గదిలో మనిషి కావాలి. అక్కడికి మారుస్తాను."

గొడుగుల గది ఇంటి వెనక ఉంది. వచ్చినవాళ్ళ గొడుగులూ సంచులూ తీసుకుని బిళ్ళ ఇవ్వాలి. బిళ్ళ తీసుకుని గొడుగు ఇవ్వాలి. మధ్యలో మాటతో పనిలేదు. మా మామయ్యను అక్కడ కూర్చోబెట్టడమంటే చిలకను సీసాలో పెట్టి మూత బిగించడమే. పైగా ఆ గదికి గడప కూడా లేదు. ఒక కిటికీ, అంతే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు రెండూ రెండు దిక్కులకు విసిరాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమైందండీ?" అంది అత్తయ్య.

"ఏమీ కాలేదు! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నా గడ్డి పీకింది!"

సంగతంతా విని అత్తయ్య పైకి పెదవి బిగించింది గానీ, లోపల నవ్వు భుజాల్లోంచి కనపడుతూనే ఉంది. "ఒక్క మాటేగా, అనేయండి. పళ్ళు ఊడవు. నాతో పాటు అనండి, తె..."

"తె..." అన్నాడు మామయ్య. అక్కడ ఆగాడు. ముఖం ఎర్రబడింది. నీళ్ళు తాగాడు. "తె... తెల్లారి చూద్దాం."

"గొంతుకి అడ్డంగా చెక్క కొట్టించుకున్నారు కాబోలు."

"నవ్వండి, నవ్వండి! గొడుగులే మోస్తాను. కానీ ఒకటి చెబుతున్నా వినండి. ఆ మేడం గది గడప జన్మలో మళ్ళీ తొక్కను!"

అన్నాడు. అన్నవాడు అన్నట్టే ఉండిపోయాడు, వేలు గాల్లోనే. మేమిద్దరం చూస్తూ ఉండగా ఆయన ముఖంలో కోపం నెమ్మదిగా పలచబడి, దాని వెనకనుంచి ఇంకేదో తెల్లవారసాగింది.

"ఏమన్నాను నేను?"

"గడప తొక్కనన్నారు."

"తొక్కను! గడప తొక్కను! మనం అనేదీ అదే! ఎవడి మీద కోపమొచ్చినా నీ గడప తొక్కను అంటాం. ఎత్తి పక్కన పెట్టను అనం, కడగను అనం. తొక్కను! వాళ్ళ మాటలోనూ తొక్కడమే ఉందిటే! వాళ్ళెక్కడో, మనమెక్కడో. అందరి పాదాలూ ఒకటేనన్నమాట!"

రాత్రి భోజనం దగ్గర దాకా అదే పాట. అత్తయ్య తన వంతు వేసింది. "అయితే మా పనిలోనూ సరిపోయింది. చప్పుడు వచ్చి చెవి గడప తొక్కుతుంది. అప్పుడే చెయ్యి లేస్తుంది." ఆ ఒక్క పూటకీ మాట ఇద్దరి సొత్తూ అయింది. కానీ అసలు ముల్లు అలాగే ఉంది. మొదటి సగం దొరికిన సంబరంలో రెండో సగం మాయమైపోదు కదా. దాని దగ్గరికొచ్చేసరికి ఆయన అన్నం మెతుకులు ఏరుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు నేనూ అత్తయ్యా టికెట్లు కొనుక్కుని మరీ వెళ్ళాం. "ఈయన తెలియదని అనడం చెవులారా వినాలి. ఇన్నేళ్ళు జనం చెవులు పరీక్షించినందుకు నాకు ఆ మాత్రం దక్కాలి" అంది అత్తయ్య. సెలవు రోజు కావడంతో వాకిలి నిండా జనం. మేడం ఒక స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని, స్టూలు కింద సంచి లేనందుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

ముందు వరసలో ఒక పెద్దావిడ, ఇద్దరు మనవలతో. చెవికి వినికిడి మిషను. మామయ్యను చూడగానే ఆవిడ ముఖం విప్పారింది.

"ఇదిగో, ఈయనేరా గడప మామయ్య! మీ అమ్మ మీ అంత ఉన్నప్పుడు తీసుకొచ్చా. ఏమయ్యా, గడ్డి ఏదీ? వీళ్ళకి గడ్డి చూపిస్తానని ఒట్టేసి తీసుకొచ్చా!"

"గడ్డి! గడ్డి!" అన్నారు పిల్లలు. వెనక నుంచి ఎవరో కూడా "అవును, ఆ గడ్డి కథ చెప్పండి" అన్నారు.

మామయ్య మేడం వైపు చూశాడు. మేడం కళ్ళద్దాల్లో ఎండ మెరుస్తోంది, కళ్ళు కనపడలేదు. అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. వేడుక చూడ్డానికి వచ్చిన మనిషి, తీరా సమయానికి ఆయనకంటే ఎక్కువ కంగారుపడుతోంది.

మొదలుపెట్టాడు. గడ్డి కథ తనకు ప్రాణమని, కానీ అది నిజం కాదని తేలిందని ఒప్పేసుకున్నాడు. పిల్లల ముఖాలు వాలిపోయాయి. వెంటనే తొక్కడం ఎత్తుకున్నాడు. గడప ముందు నిలబడి ధాన్యం తొక్కినట్టు రెండు కాళ్ళతో ధనధనా తొక్కి చూపించాడు. పిల్లలు ఎగిరి దూకి తామూ తొక్కారు. ఎప్పుడైనా ఎవరిదో గడప తొక్కనని ఒట్టేసుకున్నవాళ్ళు చేతులెత్తండి అంటే, పెద్దవాళ్ళలో చాలా చేతులు లేచాయి. నవ్వులే నవ్వులు. ఇక గండం గట్టెక్కినట్టే అనుకున్నాం.

"అది థ్రెష్. బాగుంది" అంది పెద్దావిడ. "మరి ఆ హోల్డ్ అనేదేంటి?"

గడప గుంటలో ఎండ కదలకుండా నిలబడింది. మామయ్య పెదాలు కదిలాయి. ఏదో వచ్చింది, కానీ అది చప్పుడు కాదు, చప్పుడు నీడ.

"వినపడలేదయ్యా."

"తెలి..." అన్నాడు కొంచెం పైకి.

"ఊఁ?"

"తెలియ..."

పెద్దావిడ చెవి ముందుకు పెట్టింది. మామయ్య ఇంకొంచెం పెంచాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం. నా పక్కన అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చూపు నాకు తెలుసు. అద్దం ఇవతల కూర్చుని చప్పుడును మెట్టు మెట్టుగా ఎక్కించేటప్పటి చూపు.

"తెలియదు!" అన్నాడు మామయ్య.

పెద్దావిడ చెయ్యెత్తింది.

ఎత్తి, తన చేతిని తానే చూసుకుని నవ్వేసింది. "అలవాటయ్యా! చెవుల ఆసుపత్రిలో వినపడగానే చెయ్యెత్తమంటారు. ఇదిగో, ఈవిడే!" అని జనంలో ఉన్న అత్తయ్యను చూపించింది. అందరూ తిరిగి చూశారు. ఊరందరి చెవుల మీద గీతలు గీసిన మా అత్తయ్య, పెళ్ళినాటి నుంచి ఎదురుచూసిన మాట చెవిన పడగానే తనూ చెయ్యెత్తింది.

"నీకు తెలియదా అయితే?" అంది పెద్దావిడ జాలిగా.

ఆ జాలి పనిచేసింది. మామయ్య వెన్ను నిటారుగా లేచింది.

"నాకు తెలియకపోవడం కాదమ్మా. ఎవరికీ తెలియదు! పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, అద్దాలు పెట్టుకుని పాత రాతలన్నీ వెతికినవాళ్ళు, వాళ్ళకే తెలియదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి." ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "నాకు తెలియనిది ఇంకెవరికీ తెలియదు!"

మేడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది.

ఇక అక్కడి నుంచి పట్టపగ్గాల్లేవు. తెలియనిది ఉందంటే జనం ఊరుకుంటారా? ఒకాయన అది పట్టుకోవడమే అయి ఉంటుంది, తాగివచ్చినవాడు గడప దగ్గరే కదా తలుపు పట్టుకునేది అన్నాడు. ఆయన భార్య, అనుభవం మాట్లాడుతోందండీ అంది. ఒక పిల్లాడు అది కప్ప పేరన్నాడు, ఎందుకో చెప్పలేదు. ఒకరు కోల్డ్ లాంటిదే కాబట్టి చలి అన్నారు, ఒకరు హౌస్‌హోల్డ్‌లో ఉంది కాబట్టి ఇల్లు అన్నారు. ప్రతిదానికీ మామయ్య "ఏమో, తెలియదు! మీరూ చెప్పండి!" అంటూ, వెన్నముద్ద తిన్నట్టు ఆ మాటను నోట్లో తిప్పుకుంటున్నాడు. గడప ఒక్కరూ దాటలేదు. వెనక గుంపు వచ్చి ఈ గుంపుకు తగులుకుంది. వాళ్ళకూ సంగతి చెప్పాల్సి వచ్చింది, వాళ్ళూ మొదలుపెట్టారు. లోపల మంచాలూ అద్దాలూ ఎవరూ రాక బిక్కమొహం వేశాయి.

"బాబాయ్ గారూ," అంది మేడం చివరికి, జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి. "గడ్డి కథే నయం. తొందరగా అయ్యేది."

"తెద్దునా మేడం? సంచి ఇంట్లోనే ఉంది."

"వద్దు వద్దు. మీరు ఇక్కడే ఉండండి. కానీ కాస్త జనాన్ని లోపలికి కూడా వదలండి."

గొడుగుల గదికి ఇంకెవరినో చూసుకున్నారు. ఊడ్చే ఆవిడ ఆ పూట గడప దగ్గర చీపురు పట్టాల్సిన పని లేక, మొదటిసారి తనూ నిలబడి కథంతా వింది. "హోల్డ్ అంటే చీపురే" అని తేల్చేసి వెళ్ళింది.

సాయంత్రం ముగ్గురం బస్సు దాకా నడుస్తున్నాం. మామయ్య కొత్త చెప్పులు కొన్న పిల్లాడిలా ఉన్నాడు. "వర్షం వస్తుందంటారా?" అంది అత్తయ్య. "తెలియదు!" "రేపు కూర ఏం చెయ్యమంటారు?" "తెలియదు!" "మీ చొక్కా గుండీ ఎక్కడ ఊడింది?" "అస్సలు తెలియదు!"

"ఆ మేడం అనవసరంగా నేర్పించింది" అంది అత్తయ్య నాతో. "ఇన్నాళ్ళూ అబద్ధమో నిజమో ఒక జవాబైనా వచ్చేది."

మలుపు దగ్గర ఎవరో ఒకాయన చేతిలో బరువైన పెట్టెతో మామయ్యను ఆపాడు. "కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం ఇటేనాండీ?"

"తెలియదండీ!" అన్నాడు మామయ్య. ఎంత సంతోషంగా అన్నాడంటే ఆ పెట్టె మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. పోబోయాడు కూడా. కానీ మామయ్య అప్పటికే ఆ పెట్టెకు రెండో పక్క పిడి పట్టుకున్నాడు. "నాకూ తెలియదు, మీకూ తెలియదు. పదండి, కనుక్కుందాం."

ఇద్దరూ పెట్టె మోసుకుంటూ వెళ్ళిపోతున్నారు. అత్తయ్య నిలబడి చూసింది, సంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నన్ను మాత్రం తెలుసని తీసుకెళ్ళాడు" అంది. ఆ చిన్న దీపం మళ్ళీ కళ్ళల్లోకి వచ్చింది. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు. "చూడవే, ఎటు తిప్పాడో. అటు గడియార స్తంభమే ఉంది. పద, పద, రాత్రి దాకా తిప్పుతాడు పాపం ఆ పెట్టె మనిషిని."